వైద్యానికి ఓచరు చూపించిన మహనీయుడు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం గురించి రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను పెద్దగా ఆలోచించలేదు. మా ఇంట్లో మందుల డబ్బా తెరిచిన ప్రతిసారీ గుర్తుకు వచ్చే పేరు ఒకటి ఉన్నది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. నేను డాక్టరును కాను, పండితుడిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు దఫ్తరులో గుమాస్తాగిరి చేసి రిటైరైనవాడిని. కాబట్టి ఒక గుమాస్తాకు అర్థమైన తీరులోనే ఆయన కథ చెబుతాను. అందులో మా ఇంటి కథ కూడా కొంత కలుస్తుంది. చదువరులు మన్నించాలి.

మనది వేములవాడ. రాజన్న సన్నిధి. శివరాత్రి జాతరకు, సమ్మక్క జాతరకు ముందు, లక్షల జనం వస్తారు. కోడె మొక్కు చెల్లించి, ధర్మగుండంలో స్నానం చేసి పోతారు. జాతర అన్న తరువాత గుడ్డ పరిచి వేర్లు, బెరళ్ళు, పొడులు అమ్మేవాళ్ళు కూడా వస్తారు. చిన్నప్పుడు మా అమ్మ జలుబుకు మిరియాల కషాయం, దెబ్బకు పసుపు, కడుపునొప్పికి వాము తప్ప వేరే మందు ఎరుగదు. ఆ కషాయం తాగి పెరిగినవాడినే నేను. అందుచేత చెట్టు మందును తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. తీసిపారేయకుండా, గుడ్డిగా నమ్మకుండా, మధ్యలో నిలబడి పరీక్ష చేయడం ఎట్లాగో సుబ్బారావు గారి జీవితం చెబుతుంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవవాడు. తండ్రి మనలాగే రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం చెడిపోయి నౌకరీ ముందే మానుకున్నారు. అటువంటి ఇంట్లో నెల గడవడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పదమూడేళ్ళ వయసులో ఈయన డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముదామని బయలుదేరితే, పట్టుకుని వెనక్కి తెచ్చారని చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. పిల్లలు ఒకసారి ఫెయిలైతే తల పట్టుకునే మన మనవళ్ళ తల్లిదండ్రులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ అయిన తరువాత ఆయన మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మఠంలో చేరుదామనుకుంటే, అక్కడి పెద్దలు వైద్యం చదివి సేవ చేయమని చెప్పి పంపారు. మిత్రుల సాయంతో, తరువాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. 1919లో శేషగిరి గారితో వివాహం అయింది. అది గాంధీ గారి కాలం. ఈయన ఖద్దరు బట్టతో ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. సర్జరీ చెప్పే తెల్లదొర బ్రాడ్‌ఫీల్డ్ గారికి అది నచ్చలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. బదులు దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టు చేతికొచ్చింది. మద్రాసు మెడికల్ సర్వీసులో నౌకరీ కూడా దొరకలేదు.

ఈ లోపల ఆ ఇంటి మీద పెద్ద పిడుగు పడింది. అన్నదమ్ముల్లో ఇద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, ఎనిమిది రోజుల తేడాలో కన్నుమూశారు. జబ్బు పేరు స్ప్రూ. మనవాళ్ళు గ్రహణి అనేదానికి దగ్గరిది. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం పల్చబడుతుంది, మనిషి ఎముకల గూడు అవుతాడు. అప్పటి ఇంగ్లీషు వైద్యం దగ్గర దానికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికి కూడా అదే జబ్బు పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. లక్ష్మీపతి గారు అల్లోపతీ చదివి, ఆయుర్వేదంలో దిగిన పెద్దమనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, 1946లో మద్రాసు ఆరోగ్య మంత్రి అయిన రుక్మిణీ లక్ష్మీపతి గారు ఆయన భార్యే.

ఉద్యోగం దొరకని సుబ్బారావు గారు లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పే అధ్యాపకునిగా చేరారు. ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. తన ప్రాణం నిలబెట్టిన వైద్యం అది. ఇంకొకరైతే ఆ మందు సర్వరోగ నివారిణి అని ఊరూరా చెప్పుకుంటూ జీవితం వెళ్ళదీసేవారు. ఈయన అట్లా చేయలేదు. నాకు నయమైంది సరే, ఎందుకు నయమైంది, ఏ పదార్థం వల్ల నయమైంది, అందరికీ అవుతుందా, అని అడిగారు. ఆయుర్వేద మందులను ఆధునిక పద్ధతిలో పరీక్షించాలని పూనుకున్నారు. కానీ అప్పటి మద్రాసులో అందుకు కావలసిన ప్రయోగశాల లేదు, చదువు కూడా చాలదు. అమెరికా వెళ్ళాలన్న కోరిక అక్కడ పుట్టింది.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సాయం, మామగారు ఇచ్చిన డబ్బుతో ఓడ ఎక్కి 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. సుబ్బారావు గారు మళ్ళీ స్వదేశం రాలేదు. ఈ విషయంలో ఆయనను మెచ్చుకోలేను. ఒక ఇల్లాలి జీవితకాలపు ఎదురుచూపు కూడా ఆయన విజయాల ఖాతాలో ఖర్చు కింద రాయవలసిందే.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో డిప్లొమా చదువుతూ, పొట్ట గడవడానికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి లెక్కకట్టే పద్ధతిని ఇద్దరూ కలిసి కనిపెట్టి 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని జీవరసాయనం చదివే విద్యార్థులకు నేటికీ చెబుతారు. 1927లో కండరాలలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి. అనే పదార్థాన్ని వెలికి తీశారు. ఆ ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా కనుగొన్నాడు. మనం చేయి ఎత్తినా, రెప్ప వేసినా ఖర్చయ్యే శక్తి ఈ ఎ.టి.పి. రూపంలోనే ఉంటుంది. ఒంట్లో చలామణి అయ్యే రొక్కం అనుకోండి. 1930లో డాక్టరేటు వచ్చింది. అయినా హార్వర్డులో ఆయనకు పర్మినెంటు ఉద్యోగం దక్కలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలో పూర్తికాలం చేరారు. అన్నదమ్ములను మింగిన జబ్బు ఆయన వెంటే అక్కడికి కూడా వచ్చింది. అప్పటికి కాలేయపు సారం, ఈస్టు కొన్ని రకాల రక్తహీనతను నయం చేస్తాయని వైద్యులకు తెలుసు. 1928 తరువాత లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణీ స్త్రీల రక్తహీనతకు ఈస్టు సారం పనిచేస్తుందని చూపించింది. కానీ అందులో పనిచేసే సరుకు ఏది? 1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని తీసి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఆకు అనే మాటనుంచి వచ్చిన పేరు అది. అంటే ఇది కూడా ఒక విధంగా ఆకు మందే.

సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని శుద్ధంగా వేరు చేసి, దాని నిర్మాణం తెలుసుకుని, 1945లో కృత్రిమంగా తయారు చేసి చూపించింది. ఆ మరుసటి ఏడాదికే క్యూబా, ప్యూర్టోరికో ప్రాంతాలలో స్ప్రూ రోగుల మీద దానిని వాడి చూస్తే, లేవలేనివారు లేచి కూర్చున్నారు. పాతికేళ్ళ క్రితం పురుషోత్తం, కృష్ణమూర్తిలకు దొరకని మందు మాత్ర రూపంలో వచ్చింది. ఇప్పుడు మన అంగన్‌వాడీలో గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే ఫోలిక్ ఆమ్లం.

ఇక ఆ ఏళ్ళలో ఆయన పర్యవేక్షణలో వెలువడినవి ఒకటా రెండా! 1947లో బోదకాలు పురుగు మీద పనిచేసే హెట్రజాన్ వచ్చింది. దాన్నే డి.ఇ.సి. అంటారు. 2004 నుంచి బోదకాలు నివారణ కింద మన అప్పటి కరీంనగర్ జిల్లాలో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర ఇదే. ఆశా కార్యకర్త ఇచ్చిన ఆ మాత్రను జేబులో వేసుకుని గూట్లో పడేసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు! 1948లో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఆరియోమైసిన్ బయటికి వచ్చింది. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అది మొదటిది. డగ్గర్ తన విశ్వవిద్యాలయంలో రిటైరైన తరువాత సుబ్బారావు గారి దగ్గర పనిచేసి దాన్ని కనిపెట్టాడు. రిటైరైనవారు ఎందుకూ పనికిరారనే వాళ్ళకు ఈ ముక్క చెప్పండి.

ఇప్పుడు నేను మా ఇంటికి రావాలి.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు వైద్యం చేసేవాడు. ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇస్తే జబ్బు తగ్గకపోగా ఇంకా పెరుగుతున్నట్టు ఆయనకు తోచింది. అయితే ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందు ఇస్తే? సుబ్బారావు గారి ప్రయోగశాల అటువంటి మందులు తయారు చేసి పంపింది. అమినోప్టెరిన్ అనే మందుతో పదహారు మంది పిల్లల్లో పది మందికి గుణం కనిపించిందని, ఆ గుణం తాత్కాలికమేనని 1948లో ఫార్బర్ ప్రకటించాడు. తాత్కాలికం అన్న మాటను దాచలేదు. మంచి వైద్యానికి అది గుర్తు. ఆ మందుకు తమ్ముడి వంటిదే మెథోట్రెక్సేట్. దాన్నే బాగా తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి వాడవచ్చని 1988లో అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది.

మా ఇంటామెకు వేళ్ళ కీళ్ళు వాచే జబ్బు వచ్చింది. కరీంనగర్‌లో ఒక డాక్టరు గారు పరీక్షలు చేయించి, ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు, రుమటాయిడ్ అని చెప్పి, వారానికి ఒక్కరోజు మెథోట్రెక్సేట్, వేరే రోజున ఫోలిక్ ఆమ్లం రాసి ఇచ్చారు. రెండూ సుబ్బారావు గారి ప్రయోగశాలతో సంబంధం ఉన్న మందులే అని అప్పుడు నాకు తెలియదు. నెలన్నర అయినా నొప్పులు పూర్తిగా తగ్గలేదు. ఈ మందు గుణం చూపడానికి రెండు మూడు నెలలు పడుతుందని డాక్టరు చెప్పినా నాకు ఓపిక లేకపోయింది. తెలిసినవారు చెప్పగా, పొరుగూరిలో ఒకాయన దగ్గర చెట్టు మందు పొడి తెచ్చాను. తెచ్చింది నేనే. ఆమె అడగలేదు. పొట్లం మీద పేరు లేదు, తారీఖు లేదు, ఏమేమి కలిపారో లేదు. ఇంగ్లీషు మందు పూర్తిగా ఆపేయమన్నాడు. ఆపించాను.

వారం రోజుల్లో నొప్పులు మాయమైనాయి. ఆమె బిందె ఎత్తింది. నేను నలుగురికీ ఆ పొడి గురించి గొప్పగా చెప్పాను. మూడు నెలలకు మొహం గుండ్రంగా ఉబ్బింది, షుగరు పెరిగింది. పొడి ఆపితే కళ్ళు తిరిగి పడిపోయింది. మళ్ళీ కరీంనగర్ తీసుకుపోతే, లక్షణాలను బట్టి ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుందని డాక్టరు గారు అనుమానించారు. ఒక్క మాట కూడా కోప్పడలేదు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది. వాపు కనబడకపోయినా లోపల జబ్బు తన పని తాను చేసుకుంటూ పోయింది. ఆమె కుడిచేతి రెండు వేళ్ళు వంకర తిరిగి అట్లాగే ఉండిపోయాయి. ఇప్పుడు ముగ్గు వేయలేదు. మెథోట్రెక్సేట్ మళ్ళీ మొదలుపెట్టిన తరువాత మిగతా వేళ్ళు నిలబడ్డాయి.

మిత్రులారా, సర్వీసులో ఉన్నన్ని రోజులు ఓచరు లేని బిల్లు నేను పైకి పంపలేదు. నాలుగు రూపాయల టపా ఖర్చుకు కూడా రశీదు అడిగాను. అటువంటి నేను పేరూ ఊరూ లేని పొట్లాన్ని ఇంటి ఇల్లాలి నోట్లో పోయించాను. ఈ మాట అచ్చులో పడితే బాగుండదని మా అబ్బాయి అన్నాడు. ఆమెను అడిగాను. రాయమన్నది. అందుకే రాస్తున్నాను.

సుబ్బారావు గారి గురించి నేను చదవడం ఆ తరువాతనే మొదలుపెట్టాను. అప్పుడు అర్థమైంది, తప్పు చెట్టుది కాదని. సర్పగంధ వేరు మన దేశంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ దాన్ని రక్తపోటు రోగుల మీద వాడి, వచ్చిన ఫలితాలను 1949లో బ్రిటిష్ పత్రికలో ప్రకటించిన తరువాత ప్రపంచం నమ్మింది. 1952లో దానినుంచి రెసర్పిన్ తీశారు. మోతాదు మించితే మనిషిని దిగులులోకి నెడుతుందని కూడా తరువాత తెలిసింది. గుణం ఉన్న మందుకు దోషం కూడా ఉంటుంది. కామెర్లకు వాడే నేల ఉసిరి మీద 1988లో మద్రాసు పరిశోధకులు ఆశాజనకమైన ఫలితాలు ప్రకటించారు. తరువాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. మామూలు కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గిపోతాయి. ఆ పేరు మాత్రం పసరుకు పోతుంది. ఇక మన చేల గట్లమీద దొరికే గాడిదగడపాకు జాతి మొక్కల్లో మూత్రపిండాలను పాడుచేసే ఆమ్లం ఉంటుంది. 1990ల ఆరంభంలో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికి అటువంటి మూలిక కలిసిన మాత్రలు మింగి ఎందరో స్త్రీలు మూత్రపిండాలు పోగొట్టుకున్నారు. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదు అనేది వట్టి మాట.

ఈ వయసులో మనలో చాలామందికి బీపీ, షుగరు మాత్రలు ఉన్నాయి. కాబట్టి నా అనుభవం మీద నాలుగు మాటలు చెప్పుకుంటాను. ఒకటి, పేరు, తయారీ లైసెన్సు నంబరు, తారీఖు లేని పొట్లం ఇంట్లోకి రానివ్వకండి. రెండు, వాడుతున్న మాత్ర ఆపేస్తేనే నా మందు పనిచేస్తుందన్నవారి గడప దిగండి. మూడు, కషాయమైనా, లేహ్యమైనా, ఏది వాడుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. చదువుకున్న ఆయుర్వేద వైద్యుడైతే అల్లోపతీ మందుల చీటీ తానే అడుగుతాడు. నాలుగు, ఫలానావారికి నయమైంది అన్నప్పుడు, ఎంతమంది వాడితే ఎంతమందికి నయమైంది, కానివారు ఏమైనారు అని అడగండి. ఇంకొక మాట. మెథోట్రెక్సేట్ వాడేవారు ఎవరైనా ఉంటే, అది డాక్టరు చెప్పినట్టు వారానికి ఒక్కరోజే. మతిమరుపుతో రోజూ మింగితే ప్రాణాపాయం. మా ఇంట్లో కాలెండరు మీద ప్రతి ఆదివారానికి ఎర్ర సిరాతో గుర్తు పెడతాను.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు మాత్రమే. మనం రిటైరయ్యే వయసు కూడా రాలేదు. నోబెల్ బహుమానం రాలేదు. తన పేరు ముందుకు తోసుకునే అలవాటు ఆయనకు లేదు. శతజయంతి సంవత్సరమైన 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది.

అన్నదమ్ములు చనిపోయిన దుఃఖాన్ని ఆయన పాతికేళ్ళు పనిగా మార్చుకున్నారు. తనను బతికించిన మందునైనా పరీక్ష పెట్టకుండా ఒప్పుకోలేదు. ఆయన ఎన్నడూ చూడని వేములవాడలో, ఆయన పోయిన ఇన్నేళ్ళకు, ఒక ముసలి గుమాస్తా ప్రతి ఆదివారం రాత్రి భోజనం అయిన తరువాత చిన్న పసుపుపచ్చ మాత్ర తీసి భార్య చేతిలో పెడుతున్నాడు. ఆమె వంకర వేళ్ళతో దాన్ని జాగ్రత్తగా పట్టుకుని మింగుతుంది. ఆ పూట మేము ఆయనను తలుచుకుంటాము. ఈ నాలుగు మాటల వల్ల మన సభ్యుల ఇండ్లలో ఒక్క పొట్లమైనా బయటనే ఆగిపోతే నా రాత సార్థకమైనట్టే.